చెరపట్టిన దేశానికే తిరిగి వెళ్లిన పాట్రిక్ మహనీయుడు

మహాపురుషులను లోకం రెండు విధాలుగా గుర్తుంచుకొంటుంది. ఒకటి, వారు చేసిన పనిని బట్టి. రెండవది, వారిని గూర్చి జనులు అల్లుకొన్న కథలను బట్టి. కథలు ముద్దుగా ఉంటవి. పిల్లలకు చెప్పడానికి వీలుగా ఉంటవి. అందువల్ల ఒక్కొక్కప్పుడు పని మరుగునపడి కథ మాత్రమే నిలిచిపోతుంది. ఐర్లండు దేశంలో క్రైస్తవ ధర్మాన్ని బోధించిన బిషప్పు పాట్రిక్ విషయంలో ఇదే జరిగినది.

ఏటా మార్చి 17వ తేదీన ఐరిష్ ప్రజలు, తాము ఏ దేశంలో స్థిరపడినా, ఆయన పేరున పండుగ చేసికొంటారు. పచ్చని వస్త్రాలు ధరిస్తారు. మూడాకుల మొక్కను చొక్కాకు తగిలించుకొంటారు. ఆయన పేరున మన దేశంలో కూడ పాఠశాలలు ఉన్నవి. ఆయన ఐర్లండులోని పాములన్నిటినీ సముద్రంలోకి తరిమివేసినాడన్న కథ దేశదేశాలకు ప్రాకినది. కాని ఆయన అసలు ఐరిష్‌వాడు కాడు. ఐరిష్ దోపిడీగాండ్రు పదునారవ ఏట ఎత్తుకొనిపోయిన బానిస. ఈ సంగతి పండుగ సందడిలో ఎవరికీ అంతగా గుర్తుకు రాదు.

అదృష్టవశాత్తు ఆయన స్వయంగా వ్రాసిన రెండు చిన్న రచనలు మనకు దక్కినవి. రెండూ లాటిను భాషలో ఉన్నవి. ఒకటి, వృద్ధాప్యంలో వ్రాసికొన్న ఆత్మనివేదనం. రెండవది, కొరోటికసు అనే పాలకుని సైనికులకు వ్రాసిన లేఖ. ఐర్లండులో వ్రాయబడి నేటికి నిలిచిన రచనలలో ఇవే మొట్టమొదటివి. పాములు లేవు, మంత్రాలు లేవు, రాజసభలో గెలిచిన పందేలు లేవు. ఒక మనిషి ఉన్నాడు. అతని చెర, అతని భయం, అతని సిగ్గు, అతని కోపం ఉన్నవి. ఆ మనిషిని కొంచెం తెలిసికొనడమే ఈ వ్యాసానికి ఉద్దేశం.

గొర్రెల కాపరి

క్రీస్తు శకం 43 లో రోమనులు బ్రిటను దీవి మీద దండెత్తి, కాలక్రమాన దానిలో చాలభాగాన్ని తమ సామ్రాజ్యంలో కలుపుకొన్నారు. 410 ప్రాంతానికి రోములోనే గడ్డుకాలం వచ్చి, బ్రిటనులో వారి పాలన ముగిసినది. రోడ్లు, స్నానవాటికలు, న్యాయస్థానాలు గల ఆ నాగరకత క్రమంగా శిథిలమవుతున్న రోజులవి. పడమటి సముద్రానికి ఆవల ఉన్న ఐర్లండు మాత్రం ఏనాడూ రోము చేతికి చిక్కలేదు. అక్కడ పట్టణాలు లేవు. సొంత నాణెములు లేవు. దేశం పదుల కొద్దీ చిన్న రాజ్యాలుగా చీలి ఉండేది. పశువులే వారికి ధనం. మనుష్యులు కూడ ధనమే. ఆ దేశపు ప్రాచీన ధర్మశాస్త్రాలలో విలువను లెక్కకట్టడానికి వాడిన ప్రమాణాలలో ఒకదాని పేరు కుమల్. ఆ మాటకు అర్థం ఆడుబానిస. జరిమానా ఎంత అంటే ఇన్ని కుమళ్లని లెక్కచెప్పేవారు. మనిషి వెల కొలబద్దగా మారిన సమాజమది.

పాట్రిక్ పుట్టినది బ్రిటనులో, మంచి స్థితిగతులున్న రోమను సంప్రదాయ కుటుంబంలో. తండ్రి కల్పోర్నియసు ఊరి పాలకసభలో సభ్యుడు. క్రైస్తవ సంఘంలో డీకను. తాత పోటీటసు క్రైస్తవ గురువు. గురువులు వివాహమాడడం ఆ కాలంలో తప్పు కాదు. ఊరికి దగ్గరలో వారికి చిన్న భూమి, ఇల్లు, పని చేయడానికి దాసదాసీ జనం ఉండినారు. ఈ సంగతి గమనింపదగినది. రేపు బానిస కాబోతున్న పిల్లవాడు నిన్నటివరకు బానిసలు సేవచేసే ఇంటిలోనే పెరిగినాడు. ఇంట మతనిష్ఠ ఉన్నా తనకు మాత్రం దేవుని ధ్యాస లేదనీ, గురువుల మాట విననేలేదనీ ఆయనే తరువాత ఒప్పుకొన్నాడు.

ఆ పిల్లవానికి పదునారేండ్లు నిండుతున్న రోజులలో ఐరిష్ ఓడలు వచ్చి తీరం మీద పడినవి. ఇంటిలోని దాసదాసీలకు ఆ దాడిలో దుర్గతి పట్టినది. యజమాని కుమారుడైన పాట్రిక్‌ను కూడ దుండగులు ఎత్తుకొనిపోయినారు. అలా చెరపట్టబడినవారు వేలమంది అని ఆయన వ్రాసినాడు. చదువుకొనవలసిన ఈడులో, లాటిను వ్యాకరణం ఇంకా గట్టిపడక మునుపే, పలక వదలి గొర్రెల వెంట కర్ర పట్టినాడు. ఈ కొరత ఆయనను జీవితమంతా వెన్నాడినది.

ఆరేండ్లు ఆయన గొర్రెలను మేపినాడు. ఉత్తర ఐర్లండులోని స్లెమిష్ కొండ ఆ చోటు అని అక్కడివారి నమ్మకం. మంచులో, చలిగాలిలో, వానలో, తెల్లవారక ముందే లేచి కొండల మీదికి, అడవులలోకి పోయేవాడు. పలకరించే దిక్కు లేదు. భాష మొదట తెలియదు. అప్పుడు చిన్నతనంలో లెక్కచేయని దేవుడు గుర్తుకు వచ్చినాడు. పగలు నూరు ప్రార్థనలు, రాత్రి దాదాపు అన్ని ప్రార్థనలు చేసేవాడట. ఎవరో బోధించగా కలిగిన భక్తి కాదది. ఏ ఆధారమూ మిగలని వాని లోపలినుండి పుట్టినది. ఆ ఆరేండ్లలో ఆయన మరొకటి కూడ సంపాదించినాడు. అది ఐరిష్ భాష. దొరల కొలువులోని మాట కాదు. పశువులదొడ్డిలో, పొలంగట్టున మాట్లాడుకొనే మాట.

పారిపోయిన బానిస

ఆరవ ఏట ఒక రాత్రి నిద్రలో ఆయనకు ఒక స్వరం వినిపించినది. త్వరలోనే స్వదేశం చేరుతావని మొదట చెప్పినది. కొంతకాలానికి, ఓడ సిద్ధంగా ఉన్నదని చెప్పినది. ఓడ ఉన్నది దగ్గర కాదు, రెండువందల మైళ్ల దూరాన. దారి తెలియదు, అక్కడ ఎరిగినవారు ఒక్కరూ లేరు. పారిపోయిన బానిస పట్టుబడితే ఏమవుతుందో ఆయనకు తెలియనిది కాదు. అయినా యజమానిని వదలి బయలుదేరినాడు.

రేవు చేరేసరికి నిజంగానే ఓడ ఒకటి ప్రయాణానికి సిద్ధంగా ఉన్నది. ఓడ నాయకుడు మొదట కసరి పొమ్మన్నాడు. పాట్రిక్ ప్రార్థన చేసికొంటూ వెనుదిరిగినాడు. ప్రార్థన ముగియక మునుపే ఓడవాండ్రలో ఒకడు కేకవేసి రమ్మన్నాడు. మూడు దినాలు సముద్రం మీద నడిచి ఓడ ఒడ్డు చేరినది. దిగిన చోట జనసంచారం లేదు. ఇరువదియెనిమిది దినాలు నిర్జన ప్రదేశంలో నడిచినారు. తిండి అయిపోయినది. మనుష్యులు దారిలో సొమ్మసిల్లి పడిపోతున్నారు. నీ దేవుడు అంత గొప్పవాడైతే మా కోసం ప్రార్థించరాదా అని నాయకుడు ఎత్తిపొడిచినాడు. పాట్రిక్ ప్రార్థించినాడు. ఆ దినమే దారిలో పందుల మంద ఎదురైనది. అందరూ తిని తేరుకొన్నారు. ఇది మహిమో, కాకతాళీయమో పాఠకులు ఎవరి బుద్ధికి తోచినట్లు వారు అనుకొనవచ్చును. ఆయన మాత్రం తన బలం కాదని నమ్మినాడు.

కొన్నేండ్లకు ఇల్లు చేరినాడు. తల్లిదండ్రులు, బంధువులు కన్నీళ్లతో ఎదురుకొన్నారు. ఇన్ని బాధలు పడి వచ్చినవాడవు, ఇక మమ్ములను వదలి ఎక్కడికీ వెళ్లవద్దని బతిమాలినారు. కథ ఇక్కడ ముగిసి ఉంటే చెరనుండి తప్పించుకొన్న ఒక అదృష్టవంతుని కథగా మిగిలేది. చరిత్ర దానిని గుర్తుంచుకొని ఉండేది కాదు.

ఒక రాత్రి ఆయనకు కలవచ్చినది. విక్టోరికసు అనే మనిషి లెక్కలేనన్ని ఉత్తరాలతో ఐర్లండు నుండి వచ్చినట్లు కనిపించినాడు. వాటిలో ఒకటి పాట్రిక్ చేతికి ఇచ్చినాడు. మొదటి పంక్తి చదువుతుండగానే, పడమటి సముద్రతీరాన వోక్లుట్ అనే అడవి దగ్గర నివసించే జనుల గొంతులు ఒక్కమారుగా వినిపించినవి. తిరిగి వచ్చి తమ మధ్య నడవమని వారు ఆయనను వేడుకొన్నారు. ఆయనకు గుండె చెరువై, ఉత్తరం పూర్తిగా చదువలేక మేలుకొన్నాడు.

ఈ కలను గూర్చి ఒక్క క్షణం ఆలోచింపవలసి ఉన్నది. తన్ను చెరపట్టిన జాతిపై పగతో రగిలిపోవడం సహజం. క్షమించి మరచిపోవడం కొంచెం గొప్ప. కాని ఆ జాతి గొంతును తన్ను పిలిచే గొంతుగా వినగలగడం సామాన్య సంగతి కాదు. ఆరేండ్ల పాటు ఆ కొండలలో ఆయన విన్న మాటలు ఆజ్ఞలు, తిట్లు మాత్రమే కావన్నమాట. వారిలో ఆయన మనుష్యులను చూచినాడు.

తిరిగి వెళ్లడం

ఐర్లండులో క్రైస్తవులు అప్పటికి లేకపోలేదు. 431 లో పోపు సెలెస్టీను పల్లాడియసు అనే వానిని అక్కడి క్రైస్తవులకు మొదటి బిషప్పుగా పంపినట్లు, ఆ కాలపు చరిత్రకారుడు ప్రాస్పరు వ్రాసినాడు. కనుక పాట్రిక్ మొట్టమొదటి బిషప్పు కాడు. తరువాతి ఐరిష్ కాలపట్టికలు పాట్రిక్ రాకను 432 లోను, మరణాన్ని కొన్ని 461 లోను, కొన్ని 493 లోను చూపుతున్నవి. పండితులు నేటికీ వీటిని గూర్చి వాదులాడుతున్నారు. ఏమైనా ఐదవ శతాబ్దంలో ఆయన పని జరిగినదన్నది నిశ్చయం. తనకు ముందు ఏ బోధకుడూ అడుగుపెట్టని, ఇక ఆవల మనుష్యులే లేని సముద్రపు అంచులవరకు తాను వెళ్లినట్లు ఆయన చెప్పుకొన్నాడు.

అక్కడ పరదేశికి రక్షణ లేదు. ఒక మనిషికి గల హక్కులన్నీ తన చిన్న రాజ్యపు ఎల్లలలోనే. సముద్రం దాటి వచ్చినవానికి చుట్టం లేడు, పూచీ లేడు, చట్టం లేదు. పాట్రిక్ ఈ చిక్కును నేర్పుతో దాటినాడు. ప్రతి చోటా రాజుకు కానుకలు ఇచ్చేవాడు. రాజకుమారులను జీతమిచ్చి తన వెంట తిప్పుకొనేవాడు. తగవు తీర్చే అధికారులకు ఆయన పంచిపెట్టినది, తన అంచనా ప్రకారమే, పదునైదుగురు మనుష్యుల వెలకు తక్కువ కాదు. మనుష్యుల వెలతో లెక్కకట్టే అలవాటు ఆయన కలానికి కూడ తప్పలేదు చూడండి! ఒకనాడు తానూ అటువంటి వెల గలవాడే.

ఇంత జాగ్రత్తపడినా అపాయాలు తప్పలేదు. ఒకమారు ఆయనను, ఆయన వెంట ఉన్నవారిని పట్టుకొని ఉన్నదంతా దోచినారు. ఆయనకు ఇనుప సంకెళ్లు వేసినారు. చంపివేయాలని ఆ రోజు వారికి గట్టి కోరిక. పదునాలుగవ దినాన కొందరు మిత్రుల పుణ్యమా అని విడుదలైనాడు. చంపబడడమో, మోసపోవడమో, మరల బానిస కావడమో ఏ రోజుకారోజు తనకు రాసిపెట్టి ఉన్నట్లే ఎదురుచూచేవాడినని ఆయన వ్రాసినాడు.

ధన విషయంలో ఆయన నడవడి కత్తి అంచు మీద నడకవంటిది. భక్తురాండ్రు తమ ఆభరణాలు తెచ్చి వేదిక మీద వేస్తే ఆయన వాటిని తిరిగి ఇచ్చివేసేవాడు. వారు నొచ్చుకొనేవారు. అయినా ఆయన వినేవాడు కాడు. వేలమందికి బాప్తిస్మమిచ్చి కానీ అయినా పుచ్చుకొనలేదనీ, గురువులుగా అభిషేకించినవారి వద్ద తన చెప్పుల వెల అయినా తీసికొనలేదనీ, తీసికొన్నట్లు ఎవరైనా చూపితే తిరిగి ఇస్తాననీ ఆయన సవాలు చేసినాడు. నిందించేవారికి చిన్న సందు కూడ ఇవ్వరాదన్నది ఆయన పట్టుదల.

ఆయన బోధ విన్నవారిలో స్త్రీలు చాలమంది. ఒక కులీన యువతి బాప్తిస్మం పొందిన కొద్దిదినాలకే వచ్చి, తాను పెండ్లాడక దైవచింతనలోనే జీవిస్తానని పట్టుబట్టినది. ఇటువంటివారికి తండ్రులనుండి హింసలు తప్పలేదు. అయితే అందరికంటె ఎక్కువ బాధలు పడినవారు దాసీజనమని పాట్రిక్ ప్రత్యేకంగా వ్రాసినాడు. వారికి నిత్యం బెదిరింపులు, భయాలు. అయినా వారు వెనుదీయలేదని మెచ్చుకొన్నాడు. ఆ కాలపు రచయితలలో దాసీల బాధను పనికట్టుకొని చెప్పినవారు ఎందరు? అది అనుభవించినవాని కంటికే కనిపించినది.

కొరోటికసుకు లేఖ

ఆయన జీవితంలో అన్నిటికంటె ఘోరమైన రోజు ఐరిష్‌వారి వల్ల రాలేదు. స్వదేశమైన బ్రిటను వైపునుండి వచ్చినది.

కొరోటికసు బ్రిటనులో ఒక పాలకుడు. పేరుకు క్రైస్తవుడు. అతని సైనికులు ఐర్లండు మీద దాడిచేసినారు. ముందటి దినమే పాట్రిక్ చేతుల మీదుగా కొందరు బాప్తిస్మం పొందినారు. వారి తెల్లని వస్త్రాలు ఇంకా మాయలేదు. నుదుట పూసిన పరిమళ తైలం ఇంకా ఆరలేదు. ఆ స్థితిలో వారిలో కొందరిని కత్తులతో నరికినారు. కొందరిని, వారిలో స్త్రీలను కూడ, చెరపట్టి దూరదేశపు పిక్టులకు అమ్మివేసినారు. ఒకనాడు ఐరిష్‌వారు బ్రిటనుకు వచ్చి చేసిన పనినే, ఇప్పుడు బ్రిటనువారు ఐర్లండుకు వచ్చి చేసినారు. భేదమొక్కటే. ఈ దోపిడీగాండ్రు తాము క్రైస్తవులమని చెప్పుకొనేవారు.

పాట్రిక్ మరునాడే ఒక లేఖ పంపినాడు. దానిని తీసికొనిపోయినవాడు చిన్ననాటినుండి ఆయన వద్ద చదువుకొని గురువైనవాడు. దోచిన సొమ్ములో కొంతైనా ఇవ్వండి, బాప్తిస్మం పొందిన చెరవారినైనా విడువండి అన్నది ఆ లేఖలోని ప్రార్థన. సైనికులు దానిని చూచి పకపక నవ్వినారు. అప్పుడు పాట్రిక్ రెండవ లేఖ వ్రాసినాడు. మనకు దక్కినది ఇదే.

ఇది రహస్యంగా వ్రాసినది కాదు. జనులందరి ఎదుట, కొరోటికసు ఎదుట సైతం చదువవలెనని ఆజ్ఞాపించి పంపినది. ఈ హంతకులను ఆయన తన దేశీయులని గాని, రోము పౌరులని గాని పిలువ నిరాకరించినాడు. వారితో కలిసి తినవద్దు, త్రాగవద్దు, వారి దానధర్మాలు పుచ్చుకొనవద్దని క్రైస్తవులందరినీ కోరినాడు. కన్నీళ్లతో పశ్చాత్తాపపడి, చెరపట్టిన స్త్రీపురుషులను విడిచిపెట్టేవరకు వారిని వెలివేయవలెనన్నాడు. మన పల్లెలలో వెలి అంటే ఏమిటో పెద్దలకు తెలియును. బలహీనుల మీద బలవంతులు దానిని ప్రయోగించడమే లోకంలో ఎక్కువ. సైన్యం గల పాలకుని మీద సైన్యం లేని పరదేశి దానిని ప్రయోగించినాడు.

గాల్ దేశపు క్రైస్తవులు తమ చెరవారిని విడిపించడానికి ఫ్రాంకుల వద్దకు వేలకొద్ది నాణేలు పంపుతుంటారు. నీవో, చంపి, అమ్ముతున్నావని ఆయన కొరోటికసును నిలదీసినాడు. ఈ లేఖలో మరొక చిన్న వాక్యం ఉన్నది. చదివి దాటిపోయేటంత చిన్నది. మేము ఐర్లండువారమన్నదే వీరికి చులకన అని ఆయన బాధపడినాడు. పుట్టుకచేత బ్రిటనువాడు, సంప్రదాయంచేత రోమనుడు, తండ్రి హోదాను కూడ ప్రజల మేలుకు అమ్ముకొన్నానని చెప్పుకొన్నవాడు, తనవారు ఐరిష్‌వారిపై పడినప్పుడు ఐరిష్‌వారి పక్కన నిలిచి మేము అన్నాడు. తిరిగి వెళ్లడమంటే ఆయనకు ఓడ ఎక్కడం కాదు. ఆ ఒక్క మాట పలుకగలగడం.

ఆ లేఖ చదివి కొరోటికసు చెరవారిని విడిచినాడా? చరిత్రలో దానికి జవాబు లేదు. కథలో మాత్రం ఉన్నది. తరువాతివారు కొరోటికసు సభ మధ్యలో నక్కగా మారి పరుగెత్తిపోయినాడని కథ కల్పించినారు. వినడానికి బాగున్నది. కాని అమ్ముడుపోయిన ఆ పిల్లలకు నక్క కథ వల్ల ఒరిగినదేమి? పాట్రిక్ కోరినది శాపం ఫలించడం కాదు. వారు ఇండ్లకు చేరడం.

నిందలు, ఆత్మనివేదనం

వృద్ధాప్యంలో ఆయనకు మరొక పరీక్ష వచ్చినది. బ్రిటనులోని క్రైస్తవ పెద్దలు ఆయనపై అభియోగాలు తెచ్చినారు. పదునైదేండ్ల ప్రాయంలో, చెరపడక మునుపు, ఆయన ఒకనాడు ఏదో పాపం చేసినాడు. డీకను కాక పూర్వం మనసు ఆగక దానిని తన ప్రాణమిత్రునికి చెప్పుకొన్నాడు. ముప్పదియేండ్ల తరువాత ఆ మిత్రుడే దానిని నలుగురిలో బయటపెట్టినాడు. పాట్రిక్ బిషప్పు కాదగినవాడని ముందు తన నోటితో చెప్పినవాడు కూడ ఆ మిత్రుడే. శత్రువులు వేసిన సంకెళ్లను గూర్చి ఆయన నిబ్బరంగా వ్రాసినాడు గాని, ఈ దెబ్బను గూర్చి వ్రాసేటప్పుడు కలం వణికినట్లు తోస్తుంది.

ఈ నిందలకు జవాబుగానే ఆత్మనివేదనం పుట్టినది. దానిలో అడుగడుగునా కనిపించేది తన చదువులేమిని గూర్చిన సిగ్గు. ఇతరులు చిన్నతనంనుండి శాస్త్రాలను, వేదగ్రంథాన్ని సమంగా చదువుకొన్నారు; తల్లిభాష మార్చుకొనే అవసరం వారికి రాలేదు. తాను బాల్యంలో చదువు మాని పరభాషలో బ్రతికినాడు. కనుక వ్రాయడానికి చాలకాలం జంకినాడు; పండితులు నవ్వుతారని భయపడినాడు. ఆయన లాటిను నిజంగానే మోటు. వాక్యాలు తడబడతవి. బైబిలు మాటలు తప్ప వేరు అలంకారం లేదు. బురదలో కూరుకుపోయిన రాతిని ఎవరో ఎత్తి గోడపైన నిలిపినట్లు దేవుడు తన్ను ఎత్తినాడని ఆయన చెప్పుకొన్నాడు.

ఉపాధ్యాయులు గమనింపవలసిన వింత ఇక్కడ ఉన్నది. ఆ తరంలో ఆయనను చూచి నవ్విన పండితుల పేర్లు అయినా మనకు దక్కలేదు. చదువు మధ్యలో ఆగిపోయిన గొర్రెల కాపరి వ్రాసిన తడబాటు వాక్యాలు పదునైదు వందల ఏండ్లు దాటి నిలిచినవి. వ్యాకరణం అనవసరమని దీని అర్థం కాదు. వ్యాకరణం రాదన్న సిగ్గుతో చెప్పవలసిన మాటను మింగివేయరాదని మాత్రమే. అంతేకాదు, తనకు దక్కని చదువును ఆయన ఇతరుల పిల్లలకు చెప్పినాడు. కొరోటికసు వద్దకు లేఖ మోసికొనిపోయినవాడు అటువంటి శిష్యుడే.

కథలు, కాలం

పాట్రిక్ గతించిన సుమారు రెండువందల ఏండ్లకు, ఏడవ శతాబ్దంలో, ముయిర్హూ, తీరెహాన్ అనే ఇద్దరు ఆయన చరిత్రలు వ్రాసినారు. అప్పటికి ఆర్మా పట్టణంలోని పీఠం ఐర్లండు క్రైస్తవ సంఘంలో అగ్రస్థానం కోరుతున్నది. ఆ పీఠానికి మూలపురుషుడు సామాన్యుడైతే ఎట్లా? అందువల్ల స్లేన్ కొండ మీద పండుగ మంట వెలిగించి రాజును ధిక్కరించినవాడుగా, మాంత్రికులను మట్టికరపించినవాడుగా పాట్రిక్ రూపొందినాడు. పాముల కథ ఇంకా తరువాతిది. నిజానికి హిమయుగం తరువాత ఐర్లండుకు పాములు చేరనేలేదు. లేని పాములను తరుమవలసిన పని లేదు. మూడాకుల మొక్కను చూపి త్రిత్వాన్ని బోధించినాడన్న కథ పదునెనిమిదవ శతాబ్దంలో గాని వ్రాతకు ఎక్కలేదు.

తొమ్మిదవ శతాబ్దారంభంలో తయారైన ఆర్మా గ్రంథమనే ప్రసిద్ధమైన వ్రాతప్రతి ఉన్నది. దానిలో ఆయన ఆత్మనివేదనాన్ని కుదించి చేర్చినారు. కొరోటికసు లేఖ మాత్రం దానిలో లేదు. అది ఇతర ప్రతుల వల్ల బ్రతికి బయటపడినది. మహాత్ములను పూజించేవారికి కూడ వారి మాటలన్నీ రుచించవు కాబోలు.

ఆయన నాటిన విద్యాబీజం మాత్రం వృథా పోలేదు. తరువాతి శతాబ్దాలలో ఐర్లండులో మఠాలు వెలసినవి. 563 లో కొలంబా అయోనా దీవికి వెళ్లి మఠం స్థాపించినాడు. కొలంబానసు ఐరోపా ఖండమంతా తిరిగి, చివరకు ఇటలీలోని బోబియోలో మఠం నిలిపి, 615 లో కన్నుమూసినాడు. ఐరిష్ సన్యాసులు లాటిను గ్రంథాలకు ప్రతులు వ్రాసినారు. స్వభాషలో కావ్యాలు చెప్పినారు. ఒకప్పుడు బానిసలను తెచ్చుకొన్న దేశం గురువులను పంపే దేశమైనది.

బానిసత్వం మాత్రం అంత తేలికగా పోలేదు. తరువాత నార్సు నావికులు డబ్లినులో బానిసల సంత నడిపినారు. 1170 ప్రాంతంలో ఆర్మాలోనే మతపెద్దలు సభచేసి, ఐర్లండులో బానిసలుగా ఉన్న ఇంగ్లీషువారందరినీ విడిచిపెట్టవలెనని నిర్ణయించినారు. పాట్రిక్ మొర ఆయన పీఠంలోనే వినిపించడానికి ఏడువందల ఏండ్లు పట్టినదన్నమాట.

ఒక్క సంగతి చెప్పి ముగిస్తాను. కరీబియను సముద్రంలో మాంట్సెరాటు అనే చిన్న దీవి ఉన్నది. పదునేడవ శతాబ్దంనుండి అక్కడ ఐరిష్‌వారు స్థిరపడి, వారిలో కొందరు చెరకు తోటల యజమానులై, ఆఫ్రికానుండి తెచ్చిన బానిసలచేత పని చేయించుకొన్నారు. 1768 మార్చి 17న, దొరలు పాట్రిక్ పండుగ విందులో మునిగి ఉంటారని తలచి, బానిసలు ఆ రోజున తిరుగుబాటుకు పన్నుగడ వేసికొన్నారు. రహస్యం పొక్కినది. నాయకులను ఉరితీసినారు. నేడు ఆ దీవివాసులు మార్చి 17ను సెలవుదినంగా జరుపుకొంటున్నారు. ఆ తిరుగుబాటుదారులను కూడ ఆనాడు స్మరించుకొంటున్నారు.

బానిసయైన మహనీయుని పేరున విందులు చేసికొంటూ బానిసలను ఏలినవారు ఒక వైపు. ఆ పండుగనాడే స్వేచ్ఛకోసం ప్రాణాలొడ్డినవారు మరొక వైపు. వోక్లుట్ అడవి గొంతులను కలలో విని నిద్ర మేలుకొన్న మనిషి ఆ రోజు అక్కడ ఉంటే ఏ పక్కన నిలిచి మేము అని ఉండేవాడో, ఆయన లేఖను చదివినవారికి వేరుగా చెప్పనక్కరలేదు.